ఓడలు కలిసి వెళ్లాలా, విడివిడిగా వెళ్లాలా?

(రేడియో ప్రసంగ పాఠం)



ఎడారి నడుమ కబ్ద్‌లో ఉన్నవాళ్లకు సముద్రం గురించి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. కువైట్ నగరానికి నైరుతిగా గొర్రెల జాఖూర్లు, గుర్రపుశాలలు, ఒంటెల పందేల మైదానం ఉన్న చోటు ఇది. ఎటు చూసినా ఇసుకే. కాని ఇక్కడి గొర్రె తినే బార్లీ ఓడ దిగి వచ్చింది. కొన్ని జాఖూర్లలో గొర్రె కూడా ఆస్ట్రేలియాలో ఓడెక్కి వచ్చిందే. మనం వండుకునే బియ్యం సంగతి సరేసరి. సౌదీ నుంచి రోడ్డు మీద వచ్చేది కొంత ఉన్నా, సముద్రం మీద వచ్చేదంతా హోర్ముజ్ జలసంధి అనే ఒక్క గొంతులోంచి దిగాలి. అందుకే ఈ చుట్టుపక్కల యుద్ధం మాట వినబడితే చాలు, జాఖూర్లలో పనిచేసే మన కడప, రాయచోటి వాళ్లు ముందు అడిగేది "ఓడలు వస్తాయా అన్నా?" అనే. రాజకీయం నాకు తెలియదు. నేను గోదాములకూ సరకు రవాణాకూ సాఫ్ట్‌వేర్ చూసే మనిషిని. శత్రువు పొంచి ఉన్న సముద్రంలో ఓడలు ఎలా నడపాలన్నది ఒక పాత లెక్క. ఆ లెక్క ఏమిటో మాత్రం చెప్పగలను.

ముందు మన తీరం సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. విశాఖలో పాతకాపులున్న ఇళ్లలో ఈ కథ ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. ఊరు ఖాళీ చేసి పల్లెల్లో చుట్టాల ఇళ్లకు పోయిన సంగతులు చెబుతారు. ఆ విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచాయి. దాని వెంట ఆరు క్రూజర్లు, కొన్ని డిస్ట్రాయర్లు ఉన్నాయి. దళనాయకుడి పేరు ఒజావా. అంతకు నెల ముందు, మార్చి 8న, రంగూన్ జపాను చేతికి చిక్కింది. మన కోరంగి, కాకినాడ వైపు జనం తరాల తరబడి కూలికీ వ్యాపారానికీ పోయిన రంగూనే. అది పోయాక బంగాళాఖాతం తలుపు తెరిచినట్టయింది.

బాంబులు పడ్డ సంగతి ఊరికి గుర్తుంది. సముద్రంలో జరిగింది అంతగా గుర్తు లేదు. ఆ ఏప్రిల్ మొదటి వారంలో ఒజావా దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరకు ఓడలను ముంచింది. మొత్తం బరువు లక్ష టన్నులు దాటింది. అందులో ఎక్కువ భాగం 6వ తేదీ ఒక్కరోజే, ఒడిశా, ఆంధ్ర తీరాలకు చేరువలో. కలకత్తా రేవులో ఓడలు గుమిగూడి ఉంటే విమానాలకు దొరికిపోతాయని వాటిని బయటికి పంపారు. తోడు పంపడానికి యుద్ధనౌకలు లేవు. బ్రిటిష్ తూర్పు నౌకాదళం అప్పుడు సింహళం దగ్గర ఇంకా పెద్ద జపాను దళంతో సతమతమవుతోంది. 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడులు జరిగాయి. అలా ఓడలు ఒంటరిగానో, రెండు మూడు కలిసో, కాపలా లేకుండా తీరం వెంబడి బయలుదేరాయి. ఒజావా తన దళాన్ని మూడు జట్లుగా విడగొట్టి ఆ దారిని వెతికించాడు.

ఓడలను చెదరగొట్టాలన్న ఆలోచన మరీ తెలివితక్కువది కాదు. దాని వెనక ఒక తర్కం ఉంది. వెతికేవాడికి చూపు ఇంత దూరం అని ఉంటుంది కదా. అటు ఇరవై, ఇటు ఇరవై కిలోమీటర్లు కనిపిస్తుందనుకోండి, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతున్నాడనుకోండి. గంటకు 1,600 చదరపు కిలోమీటర్లు జల్లెడ పడతాడు. మన ఓడ మూడు వందల కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నడిసముద్రంలో ఎక్కడో ఉంటే, ఆ 90,000 చదరపు కిలోమీటర్లు వెతకడానికి వాడికి 56 గంటలు పడుతుంది. ఈలోగా ఓడ కదిలిపోతుంది కూడాను. అదే ఓడ తీరాన్ని అంటిపెట్టుకుని నలభై కిలోమీటర్ల పట్టీలో పోతుంటే? పొడవు అదే మూడు వందలు. వెతకాల్సింది 12,000 మాత్రమే. ఏడున్నర గంటల పని. పొద్దున మొదలుపెడితే చీకటి పడేలోపు అయిపోతుంది.

ఈ అంకెలు నేను వేసుకున్నవే, ఒజావా లాగ్‌బుక్కులోవి కావు. కాని విషయం అందులో ఉంది. విడిపోవడం వల్ల లాభం రావాలంటే విడిపోవడానికి చోటుండాలి. తీరం పక్కన దారంలో గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటి పోతుంటే, పేరుకే విడివిడిగా ఉన్నట్టు. దారం చివర పట్టుకున్నవాడికి పూసలన్నీ దొరుకుతాయి.

చోటున్న చోట చెదరడం పనిచేసిన సందర్భం కూడా ఉంది. 1940 నవంబర్ 5న అట్లాంటిక్‌లో 37 ఓడల గుంపు మీద అడ్మిరల్ షేర్ అనే జర్మన్ యుద్ధనౌక పడింది. జెర్విస్ బే అనే ఒకే ఒక్క కాపలా ఓడ ఎదురెళ్లి మునిగిపోయింది. అది మునిగేలోపు మిగతావి చీకట్లోకి తలోదిక్కుకూ పోయాయి. ఐదే దొరికాయి. అదే ఉపాయం 1942 జులై 4న ఆర్కిటిక్‌లో రష్యాకు సరకు తీసుకుపోతున్న పిక్యూ-17 అనే గుంపుకు చెప్పారు. తిర్పిట్జ్ అనే పెద్ద జర్మన్ నౌక వస్తోందన్న భయంతో లండన్ నుంచి "చెదిరిపొండి" అని ఆజ్ఞ వచ్చింది. తిర్పిట్జ్ వాళ్ల మీదికి రానేలేదు. విమానాలు, జలాంతర్గాములు వచ్చాయి. ఒంటరిగా దొరికినవాటిని దొరికినట్టు ముంచాయి. బయలుదేరిన 35లో 24 పోయాయి. ఒకే మందు రెండు జబ్బులకు వాడితే ఇలాగే ఉంటుంది. వెంట తరిమేది ఒక్క నౌక అయితే, అది ఒకసారి ఒక వైపే పోగలదు కాబట్టి, చెదరడం మంచిది. వేటగాళ్లు పదిమంది అయినప్పుడు చెదిరితే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచిపెట్టినట్టే.

ఇప్పుడు గుంపుగా వెళ్లడం గురించి. దీన్ని కాన్వాయ్ అంటారు. మన తెలుగులో బిడారు అనే చక్కని మాట ఉంది. ఎడారిలో ఉన్నాం కాబట్టి నేను అదే వాడతాను.

ఓడల బిడారు ఎంత పెద్దదిగా ఉండాలి? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాశాఖలో చాలాకాలం ఉన్న నమ్మకం ఏమిటంటే, నలభై ఓడలు సరైన సంఖ్య, అరవై దాటకూడదు అని. పెద్ద గుంపు పెద్ద గురి అవుతుందని ఎవరికైనా తోస్తుంది. దీన్ని తిరగేసినవాడు పాట్రిక్ బ్లాకెట్. భౌతిక శాస్త్రవేత్త. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ పిలిస్తే మన దేశానికి వచ్చి రక్షణ పరిశోధన ఎలా ఉండాలో సలహా ఇచ్చింది కూడా ఈయనే. 1942 నుంచి నౌకాశాఖలో ఆయన దగ్గర కొద్దిమంది శాస్త్రజ్ఞులు పాత ప్రయాణాల రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. వాళ్లకు కనబడింది ఇది. సగటున 32 ఓడలున్న చిన్న బిడార్లలో నూటికి రెండున్నర ఓడలు పోయాయి. సగటున 54 ఉన్న పెద్ద బిడార్లలో నూటికి 1.1 పోయాయి. సగానికంటే తక్కువ!

అంకె కనబడగానే నమ్మేస్తే అది శాస్త్రం కాదు. ఇలా ఎందుకు జరగాలి అని వాళ్లు వెతికారు. కారణాలు మూడు దొరికాయి. వాటిని నేను గొర్రెల భాషలో చెబుతాను, కబ్ద్‌లో ఉన్నవాళ్లకు నాకంటే బాగా తెలుసు కాబట్టి.

రాయలసీమ గుట్టల్లో మందలు తోలినవాళ్లను అడగండి. తోడేలు కంట్లో మంద పడటానికి మంద పెద్దదా చిన్నదా అన్నది పెద్ద లెక్కలోకి రాదు. నూరు గొర్రెల మంద ఎంత దూరం నుంచి కనిపిస్తుందో రెండు నూర్ల మంద కూడా దాదాపు అంతే దూరం నుంచి కనిపిస్తుంది. కాని నూరేసి గొర్రెల మందలు రెండు వేరువేరు గుట్టల మీద ఉంటే, తోడేలు కంట్లో పడే అవకాశాలు రెండు. ఇది మొదటి కారణం.

రెండోది కాపలా. పొలం రెట్టింపైతే కంచె రెట్టింపు కాదు. నలుచదరం పొలం వైశాల్యం రెట్టింపు చేస్తే కంచె ఒకటికి 1.4 వంతులే అవుతుంది. ఓడల విషయంలో ఇంకా తక్కువ. ఎందుకంటే కాపలా నౌకలు గుంపును ఆనుకుని నిలబడవు, కొన్ని కిలోమీటర్ల ఎడంగా బయట వలయం కడతాయి. లోపలి గుంపు కాస్త పెరిగినా బయటి వలయం పెద్దగా పెరగదు. నలభై ఓడలకు బదులు ఎనభై ఓడలుంటే చుట్టుకొలత ఏడో వంతు మాత్రమే పెరుగుతుందని బ్లాకెట్ లెక్క. నలభై ఓడల బిడార్లు రెండింటికి ఆరేసి చొప్పున కాపలా ఇచ్చే బదులు ఎనభైని ఒక్కటి చేస్తే, ఆ పన్నెండూ ఒకే కంచెకు వస్తాయి. కంచె అంత చిక్కనవుతుంది.

మూడో కారణమే నాకు అన్నిటికంటే నచ్చినది. అన్నీ దాటుకుని తోడేలు లోపల పడిందనుకోండి. దానికి నోరు ఒకటే. ఒకటో రెండో ఎత్తుకుపోతుంది. మందలో ఇరవై ఉన్నా రెండొందలున్నా అంతే. జలాంతర్గామి దగ్గర కూడా టార్పెడోలు ఇన్ని అని ఉంటాయి, చిక్కే సమయం ఇంత అని ఉంటుంది. కాబట్టి ఒక దాడిలో పోయే ఓడల సంఖ్య బిడారు పరిమాణంతో పెరగదు. లవం అలాగే ఉండి హారం పెరిగితే భిన్నం ఏమవుతుందో ఐదో తరగతి పిల్లవాడు చెబుతాడు. 1943లో బిడార్లు పెద్దవి చేయడం మొదలుపెట్టారు. 1944 వేసవిలో 160కి పైగా ఓడలతో ఒక్క బిడారు అట్లాంటిక్ దాటింది. ఒక్క ఓడా పోలేదు. అప్పటికి జలాంతర్గాముల పని కూడా చాలావరకు అయిపోయిందనుకోండి. మొత్తం ఘనత లెక్కకే కట్టబెట్టడం న్యాయం కాదు.

హారం అన్నాను కాబట్టి ఒక పిట్టకథ. మొదటి యుద్ధంలో, 1917 ఏప్రిల్‌లో, జర్మన్ జలాంతర్గాములు నెలకు ఎనిమిదిన్నర లక్షల టన్నులకు పైగా ఓడలను ముంచుతున్నాయి. ఇంగ్లండు వదిలిన పెద్ద ఓడల్లో నాలుగింట ఒకటి తిరిగి రావడం లేదు. అయినా బిడార్లు కట్టడానికి నౌకాశాఖ ఒప్పుకోలేదు. వారానికి 2,500 ఓడలు వస్తున్నాయి, 2,500 పోతున్నాయి, ఇన్నింటికి కాపలా ఎక్కడి నుంచి తెస్తాం అన్నారు. పేపర్లకు ఇచ్చే ప్రకటనలోనూ అదే అంకె. తీరా చూస్తే ఆ లెక్క సుంకం వాళ్లది. నూరు టన్నులు దాటిన ప్రతి పడవా, ఈ రేవు నుంచి పక్క రేవుకు పోయేదాన్ని కూడా, ప్రతిసారీ లెక్కపెట్టారు. హెండర్సన్ అనే అధికారి ఆ కట్ట విప్పి చూస్తే మహాసముద్రం దాటి వచ్చే అసలు ఓడలు వారానికి 140 లోపే! కాపలా ఇవ్వగలిగిన సంఖ్యే. జనానికి ధైర్యం చెప్పడానికి పెంచిన అంకెను చివరికి చెప్పినవాళ్లే నమ్మారు. మా వృత్తిలో రోజూ చూసే తద్దినమే ఇది. డాష్‌బోర్డు మీద పచ్చరంగు కోసం హారం పెంచుతారు, నెల తిరిగాక దాన్ని చూసే నిర్ణయాలు తీసుకుంటారు.

ఇంతవరకు బిడారు పక్షం మాట్లాడాను. దానికి ఖర్చుంది. అందరూ వచ్చేదాకా రేవులో ఆగాలి. అన్నిటికంటే నెమ్మదిగా పోయే ఓడ వేగంతోనే అన్నీ పోవాలి. అందరూ ఒక్కసారే చేరితే దింపుకోవడానికి క్రేన్లు చాలవు. శత్రువు ఒక్క గుండు పేల్చకుండానే సరకు తగ్గిపోతుంది. ఈ రెండు నష్టాలను ఎలా పోల్చాలి? కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. లేకపోతే వినండి చాలు.

వంద ఓడలున్నాయి. ఒంటరిగా పోయి వస్తే ఇరవై రోజులు. ఏడాదికి, అంటే 360 రోజులకు, పద్దెనిమిది ట్రిప్పులు. ప్రతి ట్రిప్పులో నూటికి నాలుగు ఓడలు పోతాయనుకుందాం. బిడారులో అయితే పోయి రావడానికి ఇరవై నాలుగు రోజులు, ఏడాదికి పదిహేను ట్రిప్పులే. కాని నూటికి ఒకటే పోతుంది. ఏది మేలు?

నాలుగు నెలలకు చూస్తే ఒంటరి ఓడలు 521 ట్రిప్పులు పూర్తి చేస్తాయి, బిడారు ఓడలు 485. ఒంటరిదే పైచేయి. ఎనిమిది నెలలకు ఒంటరివి 930, బిడారువి 947. తారుమారయింది. ఏడాది చివరికి 1,249, 1,385. అప్పటికి ఒంటరిగా పోయినవాటిలో మిగిలిన ఓడలు 48, బిడారులో మిగిలినవి 86. రెండో ఏడాది సంగతి ఇక చెప్పక్కర్లేదు.

మొదటి ఆరేడు నెలలు తప్పు పద్ధతే మంచి మార్కులు తెచ్చుకుంటుంది. నాలుగు నెలలకోసారి పని చూసే పై అధికారి ఉంటే, ఒంటరిగా పంపినవాడికి ప్రమోషన్ వస్తుంది. మునిగిన ఓడ ఆ ట్రిప్పు ఒక్కటే పోగొట్టదు, మిగిలిన ఏడాది ట్రిప్పులన్నీ పట్టుకుపోతుంది. ఆ సంగతి పట్టికలో తేలడానికి కాలం పడుతుంది. నష్టం శాతం మార్చి చూడండి. నూటికి నాలుగు బదులు ఒకటిన్నర అయితే ఏడాదంతా చూసినా ఒంటరే గెలుస్తుంది. కాబట్టి బిడారు ఎప్పుడూ మేలనే సూత్రం లేదు. ప్రమాదం ఎంత, ఆలస్యం ఎంత, ఎంతకాలం ఈ యుద్ధం అన్న మూడూ తెలియాలి. మూడోది ఎవరికీ తెలియదు.

ఇక కువైట్ సంగతికి వద్దాం. ఇరాన్-ఇరాక్ యుద్ధం 1984 నుంచి ఈ గల్ఫ్‌లో ట్యాంకర్ల యుద్ధంగా మారింది. 1988 దాకా నాలుగు వందలకు పైగా ఓడల మీద దాడులు జరిగాయి. నావికులు కూడా వందల సంఖ్యలో చనిపోయారు. 1986 చివర్లో కువైట్ అటు సోవియట్లనూ ఇటు అమెరికానూ సాయం అడిగింది. చివరికి 1987లో పదకొండు కువైట్ ట్యాంకర్లకు అమెరికా జెండా కట్టి, అమెరికా యుద్ధనౌకలను తోడిచ్చారు. అల్ రెక్కా అనే నాలుగు లక్షల టన్నుల పైచిలుకు ట్యాంకర్‌కు బ్రిడ్జ్‌టన్ అని పేరు మార్చారు. మొదటి బిడారులోనే అది బయలుదేరింది. 1987 జులై 24న, ఫార్సీ దీవి దగ్గర, నీళ్లలో ఉన్న మైనుకు తగిలింది.

ఆ తర్వాత జరిగిందే లెక్కల దృష్టిలో అందమైన ఘట్టం. బ్రిడ్జ్‌టన్‌కు పెద్ద చిల్లు పడింది కాని ఎవరికీ దెబ్బ తగలలేదు, ఓడ ఆగలేదు. ఖాళీ ట్యాంకర్‌లో గదులు గదులుగా ఉంటాయి. ఒకటి రెండు నిండితే దానికొచ్చిన నష్టం లేదు. దాన్ని కాపాడటానికి వచ్చిన యుద్ధనౌకలు సన్నటివి, పలుచటివి. అదే మైను వాటికి తగిలితే నడుం విరుగుతుంది. దాంతో కాపలా నౌకలు మెల్లగా వెనక్కి జరిగి, బ్రిడ్జ్‌టన్ వెనక దాని చాలులోనే వరసగా నడిచాయి. గొర్రె ముందు, కాపరి వెనక! చూసినవాళ్లు నవ్వారు. నన్నడిగితే ఆ కెప్టెన్లు చేసింది సరైన పని. మైను దగ్గర చుట్టుకొలత, వలయం, కంచె అన్న లెక్కలేవీ పనిచేయవు. అక్కడ వరస మాత్రమే ఉంటుంది. ముందు పోయేదానికి ప్రమాదమంతా, వెనకవాటికి దాదాపు ఏమీ లేదు. కాబట్టి దెబ్బ తట్టుకోగలిగినదాన్ని ముందు పెట్టాలి. బిడారు కట్టినప్పుడు శత్రువు పడవల్లో వస్తాడని లెక్క వేశారు. శత్రువు మైను వేసి ఇంటికి పోయాడు.

1908 నాటి రష్యన్ నమూనా మైన్లు అవి. మరుసటి ఏడాది, 1988 ఏప్రిల్ 14న, అలాంటిదే ఒకటి శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా యుద్ధనౌకకు తగిలింది. మైను ఖరీదు పదిహేను వందల డాలర్లంటారు. నౌక బాగుచేయడానికి దాదాపు 9 కోట్ల డాలర్లు అయింది.

ఆ కాలంలో జరిగిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. సీ ఐల్ సిటీ అనే ట్యాంకర్ కూడా అమెరికా జెండా కట్టినదే. కాపలాతో గల్ఫ్ అంతా దాటి కువైట్ జలాల్లోకి వచ్చింది. కాపలా బాధ్యత అక్కడితో సరి. 1987 అక్టోబర్ 16న, మీనా అల్ అహ్మదీ దగ్గర, సిల్క్‌వార్మ్ క్షిపణి వచ్చి తగిలింది. కెప్టెన్ కళ్లు పోయాయి, సిబ్బందిలో పలువురు గాయపడ్డారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఆ ఓడ అప్పటికే "డెలివర్డ్". గడిలో టిక్కు పడిపోయింది. లెక్క ఎక్కడ ముగుస్తుందన్నది కూడా లెక్క వేసేవాడి నిర్ణయమే.

కబ్ద్‌లో ఉన్నవాడికి మాత్రం లెక్క అహ్మదీలోనూ ముగియదు, షువైఖ్ రేవులోనూ ముగియదు. బస్తా జాఖూర్ గుమ్మంలో దిగాలి. రెండు వందల గొర్రెలున్నాయనుకోండి. రోజుకు తలా కిలోన్నర దాణా. రోజుకు మూడు వందల కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు ఆరు. ఓడలు విడివిడిగా వస్తూ ఉంటే వారానికి సరిపడా తెచ్చుకుంటే చాలు, నలభై రెండు బస్తాలు. బిడార్లుగా ఇరవై నాలుగు రోజులకోసారి వస్తే 144 బస్తాలు నిలవుండాలి. ఒక బిడారు రాకపోతే 288. ఏడాది సగటు చూస్తే బిడారు పద్ధతిలోనే ఎక్కువ బార్లీ వస్తుంది, ఇందాక చూశాం. కాని గొర్రె సగటు తినదు. ఇరవై అయిదో రోజు పొద్దున దానికి ఆకలేస్తుంది. 288 బస్తాలు కొని పెట్టడానికి డబ్బు కఫీల్ ఇవ్వాలి. వాటికి నీడ, ఎలుకలు పడకుండా ఎత్తు అరుగు కావాలి. కాపరి చేతిలో ఉన్నవి ఇవేవీ కావు. బస్తాలు ఇన్నే ఉన్నాయని ముందుగా చెప్పడం ఒక్కటే అతను చేయగలిగింది. అందుకే జాఖూర్లలో ఉన్నవాళ్లకు నేను చెప్పే మాట: ఎన్ని బస్తాలున్నాయని కాకుండా, ఎన్ని రోజులకు సరిపోతాయని గోడ మీద సుద్దతో రాసి పెట్టండి. పెద్ద పెద్ద కంపెనీల్లో మేం చేసేది కూడా అదే, కాస్త ఖరీదైన సుద్దతో.

చివరగా ఓడలో ఉన్నవాళ్ల గురించి. ఇందాకటి వంద ఓడల పట్టికలో నేను ట్రిప్పులు లెక్కపెట్టాను, ఓడలు లెక్కపెట్టాను. మనుషుల గడి పెట్టలేదు. ఓడకు యాభైమంది అనుకుంటే, మొదటి నాలుగు నెలల్లో ఒంటరి పద్ధతిలో మునిగే ఓడల మీద ఉన్నవాళ్లు 1,100 మంది. బిడారు పద్ధతిలో 250 మంది. అంటే 521, 485 అని రాసి ఒంటరిదే గెలిచిందన్నప్పుడు, ఆ ముప్ఫై ఆరు ట్రిప్పుల కోసం 850 మందిని నీళ్లలోకి దింపాం. ఆ గడి ఎవరో ఒకరు పెడితేనే కనబడుతుంది, తనంతట తాను రాదు. రెండో యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సరకు ఓడల్లో పనిచేసేవాళ్లలో దాదాపు నాలుగోవంతు మన దేశం వాళ్లే. లస్కర్లు అనేవారు. తెల్లవాళ్ల జీతంలో చిన్న వంతు ఇచ్చేవారు. ఆ యుద్ధంలో ఆరు వేలమందికి పైగా చనిపోయారు. 1941 మే దాకా తెల్ల నావికుడికే ఓడ మునిగిన రోజుతో జీతం ఆగిపోయేది. ఇక లస్కరు గురించి ఎవరు పట్టించుకుంటారు? బంగాళాఖాతంలో మునిగినవాటిని ఇవాళ్టికీ టన్నుల్లోనే చెప్పుకుంటున్నాం. నేనూ ఇందాక అలాగే చెప్పాను చూడండి.

2023 నవంబర్ నుంచి ఎర్రసముద్రంలో హౌతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టినప్పుడు ఈ గడి విషయంలో కొంత మార్పు కనబడింది. చాలా కంపెనీలు ఆఫ్రికా చుట్టూ పది పన్నెండు రోజులు ఎక్కువైనా చుట్టుదారి పట్టాయి. ఎర్రసముద్రానికి ఆ చుట్టుదారి ఉంది, హోర్ముజ్‌కు లేదు. ఆ దారినే పోయే ఓడలకు యుద్ధ బీమా ఓడ విలువలో నూటికి పదో వంతు కూడా లేనిది, 2024 మొదట్లో ముప్పాతిక నుంచి ఒకటి దాకా పోయింది. ఆ ప్రీమియం అంటే మరేమీ కాదు, ఇందాక మనం "నూటికి నాలుగు" అనుకున్నామే, అదే అంకెకు బజారు ధర. నావికుల సంఘాలు, యజమానుల సంఘాలు కలిసి చేసుకున్న ఒప్పందం కింద ఉన్నవాళ్లకు ఆ ప్రాంతంలో మూలవేతనం రెట్టింపు ఇవ్వాలి, చనిపోతే పరిహారం రెట్టింపు ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, నేను ఆ దారిన రాను, నన్ను దింపేయండి అని చెప్పే హక్కుంది. ఒప్పందం బయట ఉన్న ఓడల్లో పనిచేసేవాళ్లకు ఇవి దక్కుతాయన్న భరోసా లేదు. ఏజెంటు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టేముందు, ఓడల మీద పనికి పోయే మన కాకినాడ, విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు ఆ ఒక్క మాట అడిగి చూసుకోవాలి.

2024 జనవరి 26 రాత్రి మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు క్షిపణి తగిలి నిప్పంటుకుంది. లోపల నాఫ్తా. సిబ్బంది ఇరవై రెండుమంది భారతీయులు, ఒక బంగ్లాదేశ్ అతను. వాళ్ల పిలుపు అందుకుని పోయిన భారత నౌకాదళ నౌక పేరు ఐఎన్ఎస్ విశాఖపట్నం. పదిమంది దానిమీద నుంచి ట్యాంకర్ ఎక్కి, గంటల తరబడి సిబ్బందితో కలిసి మంటలార్పారు. ఇరవై ముగ్గురూ బతికారు.